చుక్క కారని దొరసాని

పార్థసారథికి ఉన్నది ఒకే ఒక్క పిచ్చి. తన దగ్గరున్న పాతకాలపు సిరాబుడ్లన్నిటిలోనూ నిండుగా సిరా ఉండాలి, ఏ ఒక్కదాంట్లోంచీ చుక్క కారకూడదు. ఇందులో మొదటి సగం వల్ల వంటింటి గోడలు నల్లబడ్డాయి. రెండో సగం వల్ల ఆయన భార్య సుమతి జుట్టు తెల్లబడింది.

తప్పు పూర్తిగా ఆయనది కాదని సుమతి చుట్టాలకు చెబుతూ ఉంటుంది. హజీరాలో గ్యాసు కంపెనీలో ఉన్నన్నాళ్లూ ఏ గొట్టం ఎక్కడ కారుతోందో కనిపెట్టడమే ఆయన ఉద్యోగం. అక్కడ రవ్వంత లీకైతే ఊరు ఎగిరిపోతుంది. రిటైరయ్యాక ఉద్యోగం పోయింది గానీ చెవులకు ఆ అలవాటు పోలేదు. అసలు వీడ్కోలు సభలోనే, పై అధికారి ఆయన సేవలను పొగుడుతుంటే, పార్థసారథి వేదిక దిగి వెళ్లి, మూలనున్న ఏసీ గొట్టానికి తనకు కప్పిన శాలువా చుట్టేసి వచ్చి కూర్చున్నాడు.

"టప్పు టప్పుమంటోంది సార్. ఇక మీరు కానివ్వండి" అన్నాడు.

సూరత్ అడాజన్‌లో వాళ్ల ఫ్లాట్లో కుళాయి కారదు, ఫ్లష్ కారదు. ఎదురింటివాళ్ల కూలరు కూడా కారదు, ఎందుకంటే వాళ్లు పెళ్లికి వెళ్లినప్పుడు తాళం చెవి అడిగి తీసుకుని మరీ బిగించి వచ్చాడు. ఆ ఇంట్లో చుక్కలు చుక్కలుగా కారడానికి అనుమతి ఉన్నది కాఫీ ఫిల్టర్ ఒక్కదానికే. అది కూడా "దీని జోలికొస్తే మా అన్నయ్య ఇంటికి పోతాను" అని సుమతి బెదిరించాక దొరికిన అనుమతి.

సిరాబుడ్లంటే చిన్నప్పుడు బళ్లో బల్ల కంతలో పెట్టుకున్న గాజుబుడ్లు అనుకునేరు. నాన్‌పురాలో పాత పార్సీ ఇళ్లు ఖాళీ చేసినప్పుడల్లా బయటపడే పింగాణీ, ఇత్తడి యంత్రాలవి. తాబేలు తల నొక్కితే డిప్ప లేచి లోపల సిరా కనిపించేది ఒకటి. గుర్రం మీద తిరిగే దొర జేబులో పెట్టుకునేది ఇంకొకటి. గుబ్బ నొక్కితే మూత టక్కున తెరుచుకుంటుంది, తలకిందులు చేసినా ఒలకదు. వీటన్నిటికీ మహారాణి లాంటిది మరొకటి ఉంది. దాని పేరు దొరసాని. పేరు ఆయన పెట్టిందే.

దొరసానికి తెల్లటి పింగాణీ పొట్ట, పొట్ట మీద నీలం పువ్వుల తీగ, మెడకు ఇత్తడి పట్టీ, పక్కన చిటికెనవేలంత ఇత్తడి మీట ఉంటాయి. మీట నొక్కితే లోపలి సిరా పైకి పొంగి నెత్తి మీదున్న బుల్లి గిన్నెలోకి వస్తుంది. కలం ముంచుకుని మీట వదిలేస్తే బుద్ధిగా మళ్లీ లోపలికి పోతుంది. మీట మొదట్లో ఉండే తోలు వాషర్ ఒకసారి అరిగిపోతే, పార్థసారథి సుమతి ఎర్ర హ్యాండ్‌బ్యాగు అడుగు గుండ్రంగా కత్తిరించి కొత్తది చేశాడు. ఆ సంగతి ఆవిడకు బ్యాగులోంచి ఇంటి తాళాలు రోడ్డు మీద పడ్డాక తెలిసింది.

"నా బ్యాగు కంటే మీ దొరసాని ఎక్కువైపోయిందా?" అంది.

"నీ బ్యాగు కారితే తాళాలే కదా పోయాయి" అన్నాడాయన ఓదార్పుగా.

సిరా కూడా బజారుది పనికిరాదు. కరక్కాయలు దంచి, నానబెట్టి, మరగబెట్టి, అన్నభేది కలిపి, తుమ్మజిగురు వేసి ఇంట్లోనే కాస్తాడు. ఆ సిరాకో గుణముంది. రాసినప్పుడు గంజినీళ్లలా పల్చగా ఉంటుంది. గాలి తగిలేకొద్దీ నల్లబడుతుంది. ఒకసారి నల్లబడిందంటే సబ్బుకు లొంగదు, శీకాయకు లొంగదు. పై అంతస్తులో ఉండే రఘుపతి, హజీరాలో ఆయనతో కలిసి పనిచేసినవాడే, ఒకరోజు భోజనానికి వచ్చి చనువుగా పొయ్యి మీద గిన్నెలోంచి తనే గరిటెడు వడ్డించుకున్నాడు.

"చారులో వగరు ఎక్కువైనట్టుంది వదినా" అన్నాడు.

సాయంత్రానికి అతని నాలుక నల్లబడింది. ఆ వారమంతా ఆఫీసులో ఎవరితోనూ నోరు విప్పి మాట్లాడలేదు. అతని భార్య మాత్రం ఆ సిరా ఇంకాస్త ఉంటే పంపించమని కబురు పెట్టింది.

ఇంతలో కరోనా వచ్చింది. అందరూ ఇళ్లలో కూర్చున్నారు. సిరాబుడ్లు సేకరించేవాళ్లంతా వీడియోలో కలుసుకోవడం మొదలుపెట్టారు. వాళ్లకు పెద్ద, హైదరాబాద్‌లో ఉండే కిరీటి. అతని బుడ్లు గాజు బీరువాలో దీపాల కింద మెరుస్తుంటాయి.

"సిరా పోస్తే పింగాణీ పాడవుతుంది సర్. లోకంలో ఎవరూ పోయరు" అన్నాడతను.

"సిరా లేని సిరాబుడ్డి ఎందుకండీ, ఉప్పు పోసుకోవడానికా? మీవి ఎండుబుడ్లు. నావి బతికున్నాయి."

"కారతాయి కదా సర్."

ఆ మాట అనకుండా ఉండాల్సింది. పార్థసారథి లేచి వెళ్లి సుమతి అప్పుడే ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా తొడుక్కుని వచ్చాడు. నిండుగా సిరా ఉన్న దొరసానిని రెండు చేతులా ఎత్తి, మూత బిగించి, నెత్తి మీద తలకిందులుగా పట్టుకుని కూర్చున్నాడు. అవతల అందరూ తెరకు దగ్గరగా జరిగారు. వంటింట్లో సుమతి చొక్కా కోసం దేవుడికి మొక్కుకుంది. చుక్క పడలేదు.

"రాసిపెట్టుకోండి. నేను బతికుండగా నా బుడ్డి కారదు" అన్నాడు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లని సుమతి విసుక్కుంది గానీ, ఆ రోజు ఆయన మొహంలో వెలుగు చూస్తే ఆవిడకూ ముచ్చటేసింది.

రైళ్లు మళ్లీ కదిలిన రోజుల్లో అసలు గొడవ మొదలైంది. సొసైటీ వాచ్‌మన్ సాంబయ్యది సిరిసిల్ల. సూరత్ మగ్గాల మీద పనిచేసి పనిచేసి ఊపిరి ఆడక, గేటు దగ్గర కుర్చీకి వచ్చినవాడు. అతని భార్య లలితమ్మ మెట్లు ఊడ్చి, నాలుగిళ్లలో గిన్నెలు తోమేది. కూతురి కాన్పుకని ఊరెళ్లి అక్కడే చిక్కుకుపోయిన ఆ మనిషి, దొరికిన మొదటి రైలెక్కి వచ్చేసింది. స్టేషన్‌లో దిగినవాళ్లందరికీ వేసినట్టే ఆవిడకూ ఎడమచేతి వెనక ముద్ర వేసి, ఇల్లు కదలొద్దని పంపారు. కదల్లేదు. గేటు పక్క గదిలోనే గడువంతా గడిపింది. దగ్గు రాలేదు, జ్వరం రాలేదు. ముద్ర మాత్రం పోలేదు. పసుపూ సున్నమూ కలిపి రాస్తే పోతుందని ఎవరో చెబితే రాసింది. అది పచ్చబొట్టులా కుదురుకుంది.

సొసైటీ సెక్రటరీ జయంతీభాయ్‌కి రింగ్ రోడ్‌లో చీరల కొట్టుంది. కొట్టు మూతపడ్డాక ఆయనకు ఏలుకోవడానికి సొసైటీ ఒక్కటే మిగిలింది. ముద్ర ఉన్న చెయ్యి ఏ వింగ్‌లోకీ రాకూడదు, లిఫ్టు ముట్టుకోకూడదు, కుళాయి తిప్పకూడదు అని బోర్డు పెట్టించాడు. నెలాఖరుకు ముద్ర పోకపోతే సాంబయ్య గది ఖాళీ చేయాలి, వేరే వాచ్‌మన్‌ను చూసుకుంటామన్నాడు. ఉరుము ఉరిమి మంగలం మీద పడ్డట్టు, లోకమంతటి మీదా పడ్డ కరోనా చివరికి లలితమ్మ మీద పడింది.

సుమతి ఊరుకోలేదు. మాస్కు కట్టుకుని కిందికి దిగి జయంతీభాయ్‌ని నిలదీసింది. ఆయన మాట్లాడేది గుజరాతీ అయినా, ఇన్నేళ్ల అలవాటు మీద అది సుమతి చెవికి తెలుగులాగే వినిపిస్తుంది.

"గడువు అయిపోయింది కదా భాయ్, ఇంకా ఏమిటి?"

"ముద్ర ఉంది కదా బెన్. ముద్ర ఉంటే రోగం ఉన్నట్టే."

"ఓటేసిన సిరా నా వేలి మీద ఉన్నన్నాళ్లూ నేను ఓటేస్తూనే ఉన్నట్టా?"

జయంతీభాయ్ మాస్కు పైకి లాక్కుని, రూలు రూలేనన్నాడు.

గది బయట లలితమ్మ బకెట్ ముందు కూర్చుని ఇటుకముక్కతో చెయ్యి రుద్దుకుంటోంది. చెయ్యంతా ఎర్రగా కందిపోయింది.

"గీకకు లలితమ్మా, తోలు ఊడొస్తుంది."

"తోలు మల్ల మొలుస్తదమ్మా. గది పోతే యాడికి పోవాలె? గా మగ్గాల కాడ ఈయన ఒక్క పూట గూడ నిలవడలేడు. జర మీరే చెప్పుండ్రి సార్‌తోని."

సుమతి వెనక్కి తిరిగి చూసింది. పార్థసారథి ఎప్పుడొచ్చాడో వచ్చి నిలబడ్డాడు. లలితమ్మ చేతి వంక చూశాడు, గేటు వంక చూశాడు. అక్కడ వచ్చేపోయేవాళ్లు సంతకం పెట్టే రిజిస్టరూ, దారంతో కట్టిన బాల్‌పెన్నూ ఉన్నాయి.

"ఈ పెన్ను ఇక్కడ ఎవరు పెట్టారు? అందరూ ఇదే ముట్టుకుంటున్నారా?" అన్నాడు.

మనిషి ఏడుస్తుంటే పెన్ను సంగతి అడిగే మొగుణ్ణి కట్టుకున్నందుకు సుమతి ఆ రోజు ఆయనకు కాఫీ ఇవ్వలేదు.

మర్నాడు పొద్దున్నే ఆయన పనిలోకి దిగాడు. దుమ్ము తుడవడానికి కూడా ఆవిడను ముట్టుకోనివ్వని దొరసానిని స్వయంగా మోసుకెళ్లి గేటు దగ్గర బల్ల మీద పెట్టాడు. ఇంటికో పాళీ కలం పంచిపెట్టాడు. జయంతీభాయ్‌కి గంటసేపు పాఠం చెప్పాడు.

"ఎవరి కలం వాళ్లది. కుడిచేత్తో కలం పట్టుకోవాలి. మీటను వేళ్లతో ముట్టుకోవద్దు, ఎడమచేతి వెనకభాగంతో నొక్కాలి. సంతకం పెట్టాలి, సానిటైజర్ రెండు చేతులకూ బాగా రుద్దుకోవాలి. ఇక వైరస్ ఎక్కడినుంచి వస్తుంది?"

"కారదు కదా?"

"నా బుడ్డా?" అన్నాడు పార్థసారథి. ఆ రెండు మాటలతో జయంతీభాయ్ ఒప్పేసుకున్నాడు.

అందరూ సంతకాలు పెట్టారు. సానిటైజర్ రుద్దుకున్నారు. పైకి వెళ్లి ఫ్యాను కింద కూర్చున్నారు. గంట తిరిగేసరికి మూడు వింగుల్లోనూ కేకలు మొదలయ్యాయి. మీట మొదట్లోంచి సన్నగా, కంటికి ఆనకుండా సిరా చిమ్మింది. చిమ్మినప్పుడు పల్చగా ఉంది కాబట్టి ఎవరూ చూసుకోలేదు. సానిటైజర్ దాన్ని చేతి నిండా పులిమింది. గాలి దాన్ని నల్లబరిచింది. పాలు తేవడానికి దిగినవాళ్లు నల్లబడ్డారు, మందులకు వెళ్లినవాళ్లు నల్లబడ్డారు. రిజిస్టరులో సంతకం పెట్టి వెళ్లమని సాంబయ్య పిలిస్తే వచ్చిన లలితమ్మ కూడా అందరిలాగే ఎడమచేత్తో మీట నొక్కింది.

"అరే సారథీ, నా నాలుక సరిపోలేదా నీకు?" అని రఘుపతి పై నుంచి అరిచాడు.

అక్కడితో ఊరుకోక అతను ఆ కబురు కిరీటికి చేరవేశాడు. ఆదివారం వీడియోలో అందరూ కాచుకుని కూర్చున్నారు.

"దొరసానికి జలుబు చేసిందట కదా సర్?" అన్నాడు కిరీటి. కిసుక్కుమని నవ్వులు వినిపించాయి.

పార్థసారథి చొక్కా గుండీ సర్దుకున్నాడు. "వయసు మీద పడింది. దానికి కాదు, నాకు" అన్నాడు.

ఆ మాటకు వంటింట్లో సుమతికి ఏడుపొచ్చినంత పనైంది. ఆయన ఓడిపోవడం ఆవిడ ఎప్పుడూ చూడలేదు. ఆ సిరాబుడ్లను ఆవిడ తిట్టని తిట్టు లేదు గానీ, అది ఆవిడ హక్కు. వీళ్లెవరు నవ్వడానికి అనిపించింది. అడగకుండానే కాఫీ కలిపి తెచ్చి ఆయన ముందు పెట్టింది.

రోజులు గడిచినా ఆయన దొరసానిని తీయలేదు, బాగుచేయనూ లేదు. జయంతీభాయ్ పార్కింగులో కుర్చీలు దూరందూరంగా వేయించి మీటింగు పెట్టాడు. మండే ఎండలో తెల్ల గ్లౌజులు తొడుక్కుని వచ్చాడు.

"మొదటి విషయం, ఆ కారే బుడ్డిని ఇవాళే తీసేయాలి."

"తీయను" అన్నాడు పార్థసారథి.

"అయితే బాగుచేయండి."

"చేయను."

పిచ్చి కుదిరింది, రోకలి తలకు చుట్టమన్నాడట అని రఘుపతి పక్కవాడితో అన్నాడు. జయంతీభాయ్ కాగితం తిప్పాడు.

"సరే, రెండో విషయం. నెలాఖరు వచ్చింది. ముద్ర ఉన్న చెయ్యి సొసైటీలో ఉండకూడదని రూలు."

పార్థసారథి లేచి నిలబడ్డాడు. "రూలు మంచిదే. అందరూ ఎడమచేతులు చూపించండి. ఎవరి చేతి మీద ముద్ర ఉందో తేలిపోతుంది. లలితమ్మా, నువ్వూ చూపించు."

చేతులు ఒక్కొక్కటే లేచాయి. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు ఎవరి చెయ్యి వాళ్లు తిప్పి తిప్పి చూసుకున్నారు. మసిగుడ్డల్లా అన్నీ ఒకే నలుపు. లలితమ్మ చెయ్యి ఏదో, బ్యాంకు మేనేజరు భార్య చెయ్యి ఏదో చెప్పడం కష్టం. ముద్ర కింద ఉందా, ఉంటే ఏ చేతిలో ఉంది అన్నది దేవుడికే తెలియాలి.

"జయంతీభాయ్, గ్లౌజు తీయండి."

"నాదెందుకు?"

"రూలు రూలే కదా. తీయండి. ముద్ర ఉంటే ముందు మీరే గేటు బయట నిలబడాలి. తర్వాత మేమందరం వరసగా వస్తాం. లోపల ఎవరుండాలో అప్పుడు చూద్దాం."

జయంతీభాయ్ గ్లౌజు తీయలేదు. తీయకపోవడమే చాలింది. మొదట వెనక వరసలో ఎవరో నవ్వారు, తర్వాత అందరూ నవ్వారు, చివరికి మాస్కు లోపల జయంతీభాయ్ కూడా నవ్వాడేమో, కళ్లు చిన్నవయ్యాయి. మర్నాడు బోర్డు లేదు. లలితమ్మ చీపురు తీసుకుని మళ్లీ మెట్ల మీదికి వచ్చింది.

"గిట్ల అందరి చేతులు ఖరాబ్ చేసిన బుడ్డిని నేనైతే రోజు తుడుస్త సార్" అంది సాంబయ్యతో పాటు గేటు దగ్గర నిలబడి.

"తుడవకు. అలాగే ఉండనీ" అన్నాడు పార్థసారథి పైకి పోతూ.

ఆ వారం బట్టలు నానబెడుతూ సుమతి ఆయన చొక్కా జేబు దులిపింది. చిన్న ఉంగరం లాంటిది కింద పడింది. తోలుది, గుండ్రంగా కత్తిరించింది, ఎర్రటిది. తన హ్యాండ్‌బ్యాగు తోలును ఆవిడ ఎక్కడైనా గుర్తుపడుతుంది. దాన్ని అరచేతిలో పెట్టుకుని వెళ్లి ఆయన పేపరు మీద పెట్టింది.

"ఇదేమిటి?"

"ఏది?"

"దొరసాని వాషర్ మీ జేబులో ఎందుకుంది?"

"జారిపోయింది" అన్నాడు పేపరు తిప్పుతూ.

"ఎప్పుడు? గేటు దగ్గర పెట్టకముందా, పెట్టాకా?"

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "ఇటుకముక్కతో రుద్దుకుంటోంది సుమతీ, చూశావు కదా. నాకు ఒళ్లు మండిపోయింది. ఆ ముద్ర పోగొట్టే మందు నా దగ్గర లేదు. నా దగ్గరున్నది సిరా."

"మరి కిరీటి వాళ్లకు చెప్పొచ్చు కదా. అంతమందిలో అన్ని మాటలు పడ్డారే."

"వాళ్లకు చెబితే రఘుపతికి తెలుస్తుంది. రఘుపతికి తెలిస్తే వార్తల్లో వచ్చినట్టే. నువ్వు కూడా నోరు మూసుకో."

సుమతి నోరు మూసుకుంది. పెళ్లయ్యాక ఆయన చెప్పగానే ఆవిడ మూసుకోవడం అదే మొదలు. ఆయన మీద ఆవిడకు ఎంత ప్రేమ వచ్చిందంటే, ఆ రోజు గిన్నెల్లో కరక్కాయలు నానబెట్టినా ఏమీ అనలేదు.

లలితమ్మ చేతి మీద పాత చర్మం పోయి కొత్తది వచ్చాక, ఒక మధ్యాహ్నం దొరసాని కారడం ఆగిపోయింది. "మొత్తానికి ఇన్నాళ్లకు బాగుచేయగలిగారు, ఇంజనీరు గారు" అని జయంతీభాయ్ ఎద్దేవా చేశాడు. పార్థసారథి తల వంచుకుని "అవును భాయ్, కష్టమైంది" అన్నాడు. సుమతి పెదవి కొరుక్కుని పక్కకు తిరిగింది.

మరుసటి ఏడు వేసవిలో కరోనా రెండోసారి విరుచుకుపడింది. బోర్డు మళ్లీ వెలిసింది. ఈసారి పెట్టించింది జయంతీభాయ్ కాదు, సి వింగ్‌వాళ్లు పట్టుబట్టి పెట్టించారు. రెండురోజుల తర్వాత సాయంత్రం పూట జయంతీభాయ్ వచ్చి గుమ్మానికి దూరంగా నిలబడ్డాడు. ఎండల గురించి మాట్లాడాడు, చీరల గురించి మాట్లాడాడు. చివరికి గొంతు సవరించుకున్నాడు.

"దొరసాని ఎలా ఉంది సారథీభాయ్?"

"దివ్యంగా ఉంది. చుక్క కారడం లేదు."

"అదే... మా అమ్మాయి ఖ్యాతి వచ్చింది కదా, హాస్టల్ మూసేశారని. గడువు అయిపోయింది. పిల్లకు ఏమీ లేదు. చేతి మీద మాత్రం..." ఆయన తన చేతి వెనక చూసుకున్నాడు. "లిఫ్టులో ఎవరూ ఎక్కనివ్వడం లేదట. పైకి వచ్చి ఏడుస్తోంది. మీ దొరసానికి మళ్లీ కొంచెం ఒంట్లో బాగుండకుండా పోయే వీలుందా?"

పార్థసారథి నిటారుగా నిలబడ్డాడు. "నా బుడ్డి కారదు భాయ్. కారితే నా పరువేం కావాలి?"

జయంతీభాయ్ తల ఊపి మెట్లు దిగిపోయాడు. ఆయన అడుగుల చప్పుడు వినిపించనంత దూరం పోయాక, పార్థసారథి లోపలికి వచ్చి సొరుగు తీసి స్క్రూడ్రైవర్ జేబులో వేసుకున్నాడు. చేతిలో చెత్తబుట్ట పట్టుకున్నాడు. ఈ ఇంట్లో చెత్తబుట్ట ఎక్కడుంటుందో ఆయనకు తెలుసని సుమతికి ఆ రోజే తెలిసింది.

"చెత్త పడేసి వస్తా" అని గేటు వైపు వెళ్లాడు. కాసేపటికి అయోమయంగా తిరిగొచ్చాడు.

"సుమతీ, దొరసానికి వాషర్ లేదు."

సుమతి వంటింట్లో ఫిల్టర్ ముందు నిలబడి, డికాక్షన్ చుక్క చుక్కగా దిగుతుంటే చూస్తోంది. ఇందాక కూరగాయలకు కిందికి వెళ్లినప్పుడు, లిఫ్టు దగ్గర తల దించుకుని నిలబడ్డ ఖ్యాతిని ఆవిడ చూసింది. ఎర్ర తోలు ఉంగరం అప్పటినుంచీ ఆవిడ పోపులడబ్బాలో, ఆవాల మధ్య ఉంది.

"జారిపోయి ఉంటుంది" అంది.

కాఫీ గ్లాసు అందించింది. గ్లాసు పట్టుకున్న చేతి వెనక, మణికట్టు దాకా నల్లగా ఉంది.